కాలవ గంట మూగబోయిన ఆదివారం

ఆ ఆదివారం పొద్దున కాసియాన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చర్చిలో పూజకి వేళయ్యేలోగా కొండవాలున ఉన్న కాలవగట్టు దాకా వెళ్ళాలి. సైకిలు టైర్లు ఆ గట్టుని ఎంత అధ్వాన్నం చేశాయో నాలుగు ఫొటోలు తీయాలి. పూజ అయ్యాక హోటల్ హాల్లో కాలవ సంఘం మీటింగు. అక్కడ ఆ ఫొటోలు రోమెడ్ మొహాన కొట్టాలి. ఆ తర్వాత ఇంటికొచ్చి రొట్టె ఉండల సూపు తాగి పడుకోవాలి. ఇందులో తేడా రావడానికి ఏముంది?

కాసియాన్, తాలమాస్ అనే ఊరి కాలవ సంఘానికి అధ్యక్షుడు. మంచుకొండల నుంచి దిగే ఏటి నీళ్ళని లోయలోని ఆపిల్ తోటలన్నిటికీ పంచిపెట్టేది ఆ కాలవే. అందుకని ఊళ్ళో మేయరు మాట వినని వాళ్ళుంటారు గాని, కాలవ అధ్యక్షుడి మాట కాదనేవాళ్ళు తక్కువ. జీతం లేని పదవి. కాని చర్చి ఊరేగింపు రోజున ఫాదర్ వెనకాల మొదటి వరసలో నడిచే హక్కు ఆ పదవిదే. కాసియాన్ తాత నడిచాడు, తండ్రి నడిచాడు, ఇప్పుడు కాసియాన్ పొట్ట లోపలికి పీల్చుకుని నడుస్తున్నాడు. ఆ హక్కు చేజారితే బతికుండి ప్రయోజనం లేదని ఆయన నిజంగానే అనుకునేవాడు.

చేజారే ప్రమాదం ఇప్పుడు రోమెడ్ రూపంలో వచ్చింది. కొండల్లో సైకిళ్ళు తొక్కడానికి వచ్చేవాళ్ళకి రోమెడ్ గదులు అద్దెకిస్తాడు. కాలవగట్టు మీద సైకిళ్ళని రానివ్వమని ఏళ్ళ తరబడి అడుగుతున్నాడు. ఒక పక్క పూతకొచ్చిన ఆపిల్ చెట్లు, ఒక పక్క గలగలా నీళ్ళు, ఎదురుగా మంచుకొండలు. అంత చక్కటి దారిలో సైకిలు తొక్కకూడదని ఎవరైనా అన్నారంటే వాళ్ళు అధ్యక్షుడైనా అయ్యుండాలి, అధ్యక్షుడి కొడుకైనా అయ్యుండాలి. కాసియాన్ రెండూ. "గట్టు పాడైపోతుంది" అనేవాడు ప్రతి మీటింగులోనూ. కిందటిసారి రోమెడ్ లేచి, "పాడైపోతోంది, పాడైపోతోంది అంటావు. ఒక్క ఫొటో చూపించవయ్యా మగడా!" అన్నాడు. హాలంతా నవ్వింది. ఈసారి అదే మీటింగులో అధ్యక్ష పదవికి ఎన్నిక కూడా ఉంది.

సరే, కాసియాన్ ఆదివారం కోటు మాసిపోకుండా పైన నీలం ఏప్రన్ కట్టుకుని, ఫెల్టు టోపీ పెట్టుకుని గట్టెక్కాడు. ఈ చివర నుంచి ఆ మలుపు దాకా చూశాడు. వంగి చూశాడు. మోకాళ్ళ మీద కూచుని చూశాడు. గట్టు కడిగిన కంచంలా ఉంది. ఒక్క టైరు గుర్తు లేదు. ఆయన పెట్టిన నిషేధాన్ని ఊరంతా అంత బుద్ధిగా పాటించింది, పాపం.

ఇంకొకడైతే సంతోషించేవాడు. కాసియాన్‌కి ఒళ్ళు మండిపోయింది. "వెధవలు! తొక్కాల్సినప్పుడు ఒక్కడూ తొక్కడు!" అని నీళ్ళకేసి చూసి తిట్టాడు. అప్పుడే ఆయనకి పెళ్ళాం సైకిలు గుర్తొచ్చింది.

ఫిలొమేనా ఏడాది క్రితం కరెంటు మోటారున్న కొండ సైకిలు కొనుక్కుంది, పక్కూళ్ళో ఉన్న అక్కని చూసిరావడానికి. గట్టు మీద నుంచి వెళితే చదునైన దారి. మొగుడి నిషేధం పుణ్యమా అని ఆమె హైవే మీద లారీల మధ్య నుంచి వెళ్ళాల్సి వచ్చేది. మొగుడు అధ్యక్షుడైతే తనకి ఒరిగేదేమిటో లారీవాడు హారన్ కొట్టినప్పుడల్లా ఆమెకి తెలిసొచ్చేది. ఆ పొద్దున ఆమె కోరస్ పాటల సాధనకని ముందే చర్చికి వెళ్ళింది. సైకిలు కొట్టంలో ఉంది.

కాసియాన్ సైకిలు గట్టు మీదకి నడిపించుకొచ్చాడు. నేల ఎండి రాయిలా ఉంది కాబట్టి టోపీతో కాలవ నీళ్ళు తోడి దారి కొంత మేర తడిపాడు. ఫోను రాతిగోడ మీద పెట్టి తడిపిన దారికి ఒక ఫొటో తీసుకున్నాడు, ఎలా వస్తుందో చూద్దామని. తర్వాత ఫోను, టోపీ గోడ మీదే వదిలి సైకిలెక్కాడు. చిన్నప్పుడు తొక్కిందే. కాకపోతే చిన్నప్పటి సైకిలు మనం తొక్కితే కదిలేది. దీనికి హ్యాండిల్ మీద ఏదో బొత్తాం ఉంది. అది నొక్కితే లైటు వెలుగుతుందనుకున్నాడు.

లైటు వెలగలేదు. సైకిలు పరిగెత్తింది.

"ఆగు! ఆగవే! ఒసేయ్, ఆగు!" అని అధ్యక్షుల వారు సైకిలుకి ఆజ్ఞాపించారు. దానికి సంఘం నియమాలు తెలియవు. తడిపిన నేల దాటేసరికి ఏప్రన్ అంచు గొలుసులో పడి చుట్టుకుంది. సైకిలు ఠక్కున ఆగింది, కాసియాన్ ఆగలేదు. ఇద్దరూ కలిసి కాలవలో పడ్డారు. ఆయన మునిగి, తేలి, ముడి విప్పుకుని ఏప్రన్ అక్కడే వదిలేసి బయటపడ్డాడు. సైకిలు మాత్రం కాలవకి అడ్డంగా బిగుసుకుపోయింది. దాని మీదకి ఆకులు, కొమ్మలు, పూరెక్కలు వచ్చి పేరుకున్నాయి. చూస్తుండగానే నీళ్ళు గట్టు దాటి పొర్లడం మొదలెట్టాయి.

అసలు సంగతి అది కాదు. కొంచెం కిందన కాలవలో ఒక చెక్క చక్రం ఉంది. నీళ్ళు పారుతుంటే అది తిరుగుతుంది, దానికున్న సుత్తి ఒక పాత ఆవు గంట మీద కొడుతుంది. వసంతంలో నీళ్ళు వదిలిన రోజు నుంచి మళ్ళీ చలికాలం దాకా పగలూ రాత్రీ టంగు టంగు మంటూనే ఉంటుంది. తాలమాస్ వాళ్ళకి ఆ చప్పుడులోనే నిద్ర పడుతుంది. అది ఆగిందో, కాలవ తెగినట్టు లెక్క. వేరే ఊళ్ళలో గంట మోగితే జనం పరిగెడతారు. ఇక్కడ గంట ఆగితే పరిగెడతారు.

గంట ఆగింది.

చర్చిలో ఫాదర్ ప్రసంగం మధ్యలో నోరు మూశాడు. మగాళ్ళంతా ఒక్కసారి లేచారు. కాలవ కాపరి బ్లాసియస్ అందరికంటే ముందు ఉరికాడు. పారలు, గునపాలు, అగ్నిమాపక బండి, వెనకాల కోరస్ ఆడవాళ్ళు. ఊరు ఊరంతా కొండెక్కడం మొదలెట్టింది.

కాసియాన్‌కి రెండే దారులు. ఒకటి, నిజం చెప్పడం. ఆయన రెండోది ఎంచుకున్నాడు. తోట కొట్టంలోంచి పార పట్టుకొచ్చి, పొర్లుతున్న చోట మట్టి వేస్తున్నట్టు నిలబడ్డాడు.

బ్లాసియస్ రొప్పుతూ వచ్చి చూసి చేతులు జోడించినంత పని చేశాడు. "అమ్మ బాబోయ్! ప్రెసిడెంటు గారు మనకంటే ముందే వచ్చేశారు! చూడండి, ఎలా తడిసి ముద్దయిపోయారో!"

"బాధ్యత ఉన్నవాడికి పూజ కూడా తర్వాతేనయ్యా" అన్నాడు కాసియాన్, చెవిలోంచి నీళ్ళు దులుపుకుంటూ.

అంతా శభాష్ అన్నారు. ఎన్నిక ఇక్కడే గెలిచేశానని ఆయనకి అనిపించింది. ఇంతలో ఎవరో కేకేశారు: "అదిగో, నీళ్ళలో సైకిలు!"

"చూశారా?" కాసియాన్ గొంతు కొండల్లో మారుమోగింది. "ఏళ్ళ తరబడి మొత్తుకున్నాను, విన్నారా? ఏమయ్యా రోమెడ్, ఫొటో కావాలన్నావుగా? ఫొటో ఎందుకు, సరుకే చూసుకో!"

రోమెడ్ మొహం పాలిపోయింది. కాని ఆయన చూస్తున్నది సైకిలుని కాదు, కాలవ కిందివైపుని. "సైకిలు ఉంది సరే. తొక్కినవాడేడి?" అన్నాడు మెల్లగా.

ఆ ప్రశ్న కాసియాన్ లెక్కలో లేదు. జనమంతా నీళ్ళకేసి చూశారు. "నా దగ్గర దిగిన హాలండ్ ఆయన పొద్దున్నుంచి కనపడలేదు" అన్నాడు రోమెడ్. ఎవరో ఏడుపు లంకించుకున్నారు. అగ్నిమాపక బృందం నాయకుడు రక్షక దళానికి ఫోన్ చేశాడు. ఫాదర్ జపమాల తీశాడు.

"మీరే ముందుండి వెతికించాలి ప్రెసిడెంటు గారూ" అన్నాడు బ్లాసియస్.

అలా కాసియాన్ తనని తానే వెతకడానికి బయల్దేరాడు. కర్రతో కాలవ పొడుచుకుంటూ, "ఓ అన్నా! బతికే ఉన్నావా?" అని మర్యాదగా పిలుచుకుంటూ నడిచాడు. ఈలోగా రక్షక దళం హెలికాప్టరు వచ్చి తోట మీద చక్కర్లు కొట్టింది. దాని గాలికి ఆపిల్ పూత మంచులా రాలింది. ఎవరి తోటలోనంటారా? అధ్యక్షుల వారి తోటలోనే. ఆయన పళ్ళు కొరుక్కుంటూ కాలవ పొడుస్తూనే ఉన్నాడు.

హాలండ్ ఆయన కాసేపటికి చెప్పులు టపటపలాడించుకుంటూ కింది దారిలోంచి వచ్చాడు, చేతిలో సగం తిన్న రొట్టెతో. బేకరీకి వెళ్ళాడట. ఇంతమంది తనని కావలించుకోవడం ఎందుకో పాపం ఆయనకి అర్థం కాలేదు. హెలికాప్టరుని వెనక్కి పంపారు. కాసియాన్ ఊపిరి పీల్చుకున్నాడు. "పోనీలెండి, అంతా క్షేమం. సైకిలు సంగతి మీటింగులో చూసుకుందాం" అని జనాన్ని తోలబోయాడు.

"ఆగండి, ఆ సైకిలు నాది" అంది ఫిలొమేనా వెనకనుంచి.

"దొంగతనం!" అన్నాడు బ్లాసియస్ ఉత్సాహంగా. నలుగురు కలిసి తాడు వేసి లాగారు. సైకిలు ఊడివచ్చింది, గొలుసుకి చుట్టుకున్న నీలం ఏప్రన్‌తో సహా. నీళ్ళు భళ్ళున కదిలాయి, కింద గంట మళ్ళీ టంగు టంగు మంది. ఏప్రన్ అంచున ఎర్రదారంతో కుట్టిన అక్షరాలని బ్లాసియస్ కూడబలుక్కుని పైకి చదివాడు: "కా...సి...యాన్."

జనమంతా ఏప్రన్ లేని కాసియాన్ కేసి తిరిగారు. కాసియాన్‌కి ఊరేగింపు కళ్ళ ముందు కదిలింది. ఫాదర్ వెనకాల మొదటి వరసలో రోమెడ్, తను ఎక్కడో బ్యాండు వాళ్ళ వెనక. జీవితంలో మొదటిసారి నిజంగా ఏడవాలనిపించింది.

ఫిలొమేనా ఆయన పక్కకొచ్చి నిలబడింది. ఆమె చేతిలో ఆయన ఫోనుంది. "గోడ మీద దొరికింది" అంది గుసగుసగా. "వారం రోజులుగా చుక్క వాన లేదు. ఫొటోలో దారి ఒక్క చోటే ఎందుకు తడిసింది? నీ టోపీలో ఆ బురదేంటి? ఫొటో వీళ్ళకి చూపించమంటావా, నన్ను మాట్లాడమంటావా?"

"నువ్వే మాట్లాడవే తల్లీ" అన్నాడు కాసియాన్, పెదవులు కదపకుండా.

"ఏంటలా గుడ్లప్పగించి చూస్తారు?" ఫిలొమేనా జనం కేసి తిరిగింది. "మా ఆయనే తొక్కాడు. గట్టు మీద సైకిళ్ళని రానిద్దామని ఇవాళ మీటింగులో తనే ప్రతిపాదిస్తున్నాడు. ముందు తను తొక్కి చూడకుండా ఊరిని తొక్కమంటాడా? అధ్యక్షుడంటే అట్లా ఉండాలి! పడితే పడ్డాడు, తన ఒంటి మీద పరీక్ష పెట్టుకున్నాడు."

రోమెడ్ జనాన్ని తోసుకుంటూ ముందుకొచ్చాడు. "ఇన్నాళ్ళూ నిన్ను మూర్ఖుడనుకున్నాను కాసియాన్. క్షమించవయ్యా!" అని వచ్చి వాటేసుకున్నాడు, తడిబట్టలతో సహా. "మరి ఇందాక నన్ను ఎందుకయ్యా దులిపేశావ్?"

"ఇవాళ దాకా నిషేధమే కదా" అంది ఫిలొమేనా. "నియమమంటే నియమమే. ఆయన సంగతి మీకు తెలియదా?"

తెలుసన్నట్టు అందరూ తలూపారు. కాసియాన్ కూడా ఊపాడు.

మీటింగు అర్ధగంటలో ముగిసింది. కాసియాన్‌ని మళ్ళీ అధ్యక్షుడిగా ఏకగ్రీవంగా ఎన్నుకున్నారు. పేరు ప్రతిపాదించింది రోమెడ్. గట్టు మీద సైకిళ్ళని రానివ్వాలన్న ప్రతిపాదనని కాసియాన్ తన నోటితోనే చదివాడు, మధ్యలో రెండుసార్లు దగ్గి. ఫిలొమేనా మొదటి బెంచీలో కూచుని, అక్కకి ఫోన్ చేసి, మధ్యాహ్నం వస్తున్నానని చెబుతోంది. చేతులన్నీ పైకి లేచాయి, చప్పట్లు మోగాయి.

ఆ హాలు మొత్తంలో ప్రతిపాదనకి వ్యతిరేకి ఒకే ఒక్కడు. సంఘం నియమాల ప్రకారం అధ్యక్షుడికి ఓటు లేదు.