రాయిస్ పేరు లేని మాంసం

ఆ ఉదయం వెండెల్ వేసుకున్న పథకంలో తప్పేమీ లేదు. తెల్లవారకముందే లేవాలి. కాఫీ తాగాలి. కుంటిగుర్రం వాగు పైనున్న గట్టెక్కి ఒక ఎల్క్ దుప్పిని బాణంతో కొట్టాలి. చీకటి పడేలోగా ఇంటికి తేవాలి. విల్లు వేటకు అదే ఆఖరి రోజు. పథకాలెప్పుడూ ఇలా నున్నగానే ఉంటాయి. అతను పనిచేసిన రంపపు మిల్లు మూసేసిన రోజున యజమాని చదివి వినిపించిన పథకం ఇంతకంటే నున్నగా ఉంది.

నిజానికి ఇంట్లో మాంసం లేకపోలేదు. వంటింటి వెనుక గదిలోని పెద్ద ఫ్రీజరులో, అడుగున, ఇంకా కొన్ని పొట్లాలు ఉన్నాయి. అన్నీ తెల్లకాగితంలో చుట్టినవి. ప్రతి దాని మీదా నల్లసిరాతో, లావుపాటి అక్షరాలతో ‘రాయిస్’ అని రాసి ఉంది. జంతువును కొట్టినవాడి పేరు పొట్లం మీద రాయడం ఆ కొండల్లో ఆనవాయితీ. రాయిస్ అంటే వెండెల్ భార్య మార్లాకు తమ్ముడు. మూడేళ్లుగా వెండెల్‌కు ఒక్క దుప్పీ చిక్కలేదు. మూడేళ్లుగా బావమరిది పేరున్న పొట్లాలే విప్పి వండుకుంటున్నారు. పైగా ప్రతి ఆదివారం భోజనానికి రాయిస్ స్వయంగా వచ్చి, దాన్ని ఎలా కొట్టిందీ మొదటినుంచీ చెప్పేవాడు. వెండెల్ ముక్కతో పాటు కథనూ మింగేవాడు. ముక్క అరిగేది.

ఈ ఏడు చలికాలమైనా తన పేరున్న మాంసం తన బల్ల మీదికి రావాలి. అతను కోరుకున్నది అంతే.

మార్లాకు అది తెలుసు. అందుకే తమ్ముణ్ణి పిలిచి ఒట్టు వేయించుకుంది. “ఆ గట్టు మీద ఈసారి అడుగు పెట్టకు. మీ బావకి వదిలెయ్.”

“అక్కా, నాకెందుకే ఆ గట్టు? ఆఖరి రోజున నేను పట్నంలో ఉంటా, పన్ను పీకించుకోవాలి” అని రాయిస్ గుండెమీద చెయ్యి వేసుకున్నాడు. గుండె పన్నుకు సాక్ష్యం చెప్పింది.

తప్పు జరిగింది వంటింట్లోనే. మనిషి వాసన దుప్పికి తగలకుండా టోపీ మీదా బూట్ల మీదా ఆడదుప్పి మూత్రం చల్లుకుంటారు. సీసాల్లో అమ్ముతారు. బయట చల్లుకోవలసినది వెండెల్ పొయ్యి పక్కన నిలబడి చల్లుకున్నాడు.

“ఇక్కడా చల్లుకునేది? పొద్దున్నే ఏం పాపం చేశాన్రా దేవుడా! బయటికి నడు!” అంది మార్లా, ముక్కు మూసుకుని.

“కాఫీ తాగనీ...”

“దుప్పులు తాగుతాయా కాఫీ? నడువ్!”

అతను నడిచాడు. ఎలుగుబంట్లూ అవీ మీదికొస్తే మొహాన కొట్టే కారం డబ్బా బల్ల మీదే ఉండిపోయింది.

గట్టు మీద మంచు పొగలా కదులుతోంది. వెండెల్ ఒక పడిపోయిన దేవదారు మానుకు ఆనుకుని, రబ్బరు పొర ఉన్న పిలుపు బిళ్లను నాలుక మీద పెట్టుకున్నాడు. ఊదితే అచ్చం ఆడదుప్పి గొంతు వస్తుంది. మెల్లగా, ఒంటరిగా, ఎవరైనా ఉన్నారా అన్నట్టు ఊదాడు.

లోయ అవతలినుంచి జవాబు వచ్చింది. మగదుప్పి, పోతు గొంతు! లోతుగా మొదలై, పైకి లేచి, ఈలలా సాగి, చివర ఖంగుమని ఆగింది. ఆ ఖంగులో కాస్త దగ్గు వినిపించింది. ముసలి పోతు అయ్యుంటుంది, మాంసం ఎక్కువే ఉంటుంది అనుకున్నాడు వెండెల్. అతని కళ్లు చెమ్మగిల్లాయి. మిల్లు మూసేశాక ప్రపంచంలో ఒక ప్రాణి తాను పిలిస్తే పలకడం అదే మొదటిసారి.

మళ్లీ పిలిచాడు. అది మళ్లీ పలికింది, దగ్గరగా. ఇతను రెండు పొదలు దాటాడు. అది వాగు దాటింది. ఇతను బతిమాలాడు, అది గర్జించింది. ఎండ చెట్ల నడుమకు దిగేసరికి ఇద్దరి మధ్యా ఒక దట్టమైన పొదల వరుస తప్ప ఏమీ మిగల్లేదు. వెండెల్ చివరి పిలుపును ఎంతో ప్రేమగా ఊదాడు.

అప్పుడు వెనుక ఒక పుల్ల విరిగింది.

తిరిగి చూస్తే కొండసింహం. ఎండుగడ్డి రంగులో, గడ్డికి కళ్లు వచ్చినట్టు ఉంది. దుప్పి గొంతు విని, దుప్పి వాసన పట్టి, దుప్పిని తిందామని అది న్యాయంగానే వచ్చింది. తీరా చూస్తే దుప్పికి టోపీ ఉంది. మోసపోయిన ముఖం దానిది. చెవులు వెనక్కి వాలాయి. కోరలు బయటపడ్డాయి. తోక కొస ఒక్కటే కదులుతోంది.

వెండెల్ చెయ్యి నడుముకు పోయింది. కారం డబ్బా ఉండవలసిన చోట తోలు సంచి ఖాళీగా ఉంది. బాణం తొడగబోతే అది జారి కాళ్ల దగ్గర పడింది. వంగకూడదు. పరిగెత్తకూడదు. అడవి ఆఫీసువాళ్లు బాట మొదట్లో పాతిన బోర్డు మీద అంతా రాసి ఉంటుంది: నిటారుగా నిలబడు, పెద్దగా కనబడు, కళ్లలోకి చూడు, గట్టిగా మాట్లాడు. అతను కోటు రెండు పక్కలకూ చాపి, మునివేళ్ల మీద లేచి, గట్టిగా మాట్లాడడానికి నోరు తెరిచాడు.

బిళ్ల ఇంకా నాలుక మీదే ఉంది. తల్లి తప్పిన దుప్పిపిల్ల ఏడుపు బయటికి వచ్చింది.

సింహం చెవులు నిక్కాయి. పొదల అవతల పోతు ఉత్సాహంగా అరిచింది. సింహం బుస్సుమంటూ మీదికి దూకినట్టే దూకి, బారెడు దూరంలో ఆగి, మట్టి గీరింది. మళ్లీ దూకితే ఆగేలా లేదు. వెండెల్ బిళ్లను ఉమ్మేశాడు. గట్టిగా మాట్లాడమన్నారు సరే, సింహంతో ఏం మాట్లాడాలో బోర్డు మీద రాయలేదు. అందుకని మూడేళ్లుగా లోపల సిద్ధంగా ఉన్నదే బయటికి వచ్చింది.

“ఏంట్రా గుర్రుమంటున్నావ్? తింటావా? తిను! మా రాయిస్ గాడు మూడేళ్లుగా నా బల్ల దగ్గర కూచుని నన్ను తింటూనే ఉన్నాడు, వాడి తర్వాత నీకేం మిగిలిందో చూసుకో! వాడి మాంసం ఎప్పుడైనా రుచి చూశావా? బూటు తోలు! నమిలి నమిలి దవడలు పోయాయి! దాని మీద మళ్లీ వాడి కథ! గాలి ఇటు తిరిగిందంట, వీడు అటు తిరిగాడంట! కొట్టింది ఒక దుప్పిని, చెప్పగా చెప్పగా అది మంద అయింది!”

సింహం ఒక అడుగు వెనక్కి వేసింది. పొదల అవతల పోతు నోరు మూసుకుంది.

వెండెల్ కోటును ఇంకా చాచే పట్టుకున్నాడు. “నా చేతి సంపాదన మా ఆవిడ నోట్లోకి వెళ్లి మూడేళ్లయిందిరా. ఒక్క మాట అనలేదు తను. అదే నన్ను చంపుతోంది. ఇంకా నువ్వేం చంపుతావ్!”

సింహం నడుము కిందికి దించి, వెనుక కాళ్లు సర్దుకుంది.

అప్పుడు పొదలు చీల్చుకుని, ముఖానికి పచ్చరంగూ నల్లరంగూ పూసుకున్న ఒక భారీ ఆకారం, ఒక చేతిలో విల్లుతో, రెండో చేతిలో పోతులా అరిచే గొట్టంతో బయటికి దూకింది. “బూటు తోలా? నా మాంసం బూటు తోలా?”

సింహం ఒకణ్ణి చూసింది, రెండోవాణ్ణి చూసింది. కుటుంబ తగాదాల్లో తలదూర్చే అలవాటు దానికి లేదు కాబోలు, ఒక్క గెంతులో రాళ్ల వెనక్కి మాయమైంది.

బావా బావమరదులు ఒకరినొకరు చాలాసేపు చూసుకున్నారు.

“పన్ను పీకించుకోవడం అయిందా?” అన్నాడు వెండెల్.

రాయిస్ దవడ తడుముకున్నాడు. “డాక్టరు... ఇవాళ రాలేదంట.”

“ఈ కొండ మీదికి కూడా రాలేదా?”

“నువ్వు మాత్రం? పొద్దున్నుంచీ అంత వగలుపోయి పిలుస్తుంటే ఎవడు రాడు? గుండె కరిగిపోయింది బావా! తీరా చూస్తే నువ్వు!”

“నీ గొంతులో దగ్గు విని ముసలి పోతు అనుకున్నాన్రా నేను.”

రాయిస్ నవ్వబోయి ఆగిపోయాడు. విల్లు నేల మీద పెట్టి, దాని పక్కనే కూలబడ్డాడు. “బాణం తొడిగి లాగి పట్టుకున్నా బావా. ఆ పిల్ల అరుపు విన్నాక, ఆకుల్లో గోధుమరంగు కదిలింది. నీ కోటు. వదలబోతున్నా... నువ్వు నన్ను తిట్టడం మొదలెట్టావ్.”

బూటు తోలు సంగతి తప్ప మిగతాది తాను విన్నట్టు రాయిస్ అప్పుడూ అనలేదు, తర్వాతా అనలేదు.

“అక్కకి చెప్పకు” అన్నాడు చివరికి.

“నువ్వు ఎవరికీ చెప్పకు” అన్నాడు వెండెల్. చేతులు కలిపారు. ఖాళీ చేతులు.

కానీ ఆ గట్టు మీద పొద్దుటినుంచీ ఒక నిజమైన దుప్పి ఉంది. ఆ ప్రేమలూ ఆ గుర్రులూ ఆ తిట్లూ భరించలేక అది కొండ దిగి రోడ్డెక్కింది. అదే సమయానికి మార్లా బల్ల మీద కారం డబ్బాను చూసి, మొగుడికి అందించాలని బయల్దేరింది. ఇంటి బండి మొగుడు తీసుకెళ్లాడు. తమ్ముడి ఇంటికి వెళితే అతని కొత్త ట్రక్కు వాకిట్లోనే ఉంది. ఆ ఊళ్లో అందరిలాగే అతనూ తాళంచెవి బండిలోనే వదిలేశాడు. పట్నం వెళ్లినవాడి ట్రక్కు ఇంట్లో, కొండలెక్కే నాలుగు చక్రాల చిన్న బండి మాయం. ఆమెకు విషయం అర్థమైంది. కోపంలో కాస్త జోరుగా నడిపింది.

వాళ్లు దిగి వచ్చేసరికి ట్రక్కు ముందుభాగం లోపలికి నొక్కుకుపోయి ఉంది. దాని ముందు రోడ్డు మీద బలిసిన ఆడదుప్పి ప్రాణం పోయి పడి ఉంది. మార్లా ట్రక్కు మెట్టు మీద కూర్చుంది, ఒళ్లో కారం డబ్బా పెట్టుకుని.

“అడవి ఆఫీసుకి ఫోన్ చేశా, దీన్ని మనల్నే తీసుకుపొమ్మన్నారు” అంది. తమ్ముడి పచ్చటి ముఖాన్నీ మొగుడి ఖాళీ చేతుల్నీ తీరుబడిగా చూసింది. “పన్ను బాగా పచ్చబడినట్టుందే! నిలబడ్డారేం, కత్తులు తీయండి.”

ఆ చలికాలం ఫ్రీజరులో ప్రతి కొత్త పొట్లం మీదా ‘మార్లా’ అని రాసి ఉంది. ప్రతి ఆదివారం ఆవిడ వడ్డించి, ఆ మలుపులో ట్రక్కును ఎలా తిప్పిందీ మొదటినుంచీ చెప్పేది. బావా బావమరదులు పక్కపక్కనే కూర్చుని తలలు దించుకుని నమిలేవారు.

మాంసం మాత్రం మెత్తగా ఉంది.