చెదలు తిన్న ఇటుకలు

నిర్మల్‌లో బొమ్మలు చేసేవాళ్లకు కొదవ లేదని మీకు వేరే చెప్పక్కర్లేదు. ఎటు రాయి విసిరినా ఒక బొమ్మల కారఖానా మీద పడుతుంది. కాకపోతే అందరూ చేసేవి కర్రబొమ్మలు. ఇటుకలతో బొమ్మలు కట్టిన మహానుభావుడు మాత్రం ఆ ఊరు మొత్తానికీ ఒక్కడే. అతని పేరు శ్యాంసుందర్‌రావు.

అంత పొడుగు పేరు పెట్టి పిలిచే ఓపిక ఊళ్లో ఎవరికుంటుంది? నక్షారావు అనేవాళ్లు. గొడుగుకు అతుకు వేయించాలన్నా సరే, ముందు కాగితం మీద నక్ష గీయందే కదలడు. నక్ష పూర్తయ్యేసరికి వానాకాలం కూడా పూర్తవుతుంది. పొలాలన్నీ కౌలుకిచ్చాడు కాబట్టి చేతినిండా తీరిక, ఆ తీరికనిండా నక్షలు.

ఆ ఏడు చలికాలంలో పట్నం పోయి నుమాయిష్, అదే పెద్ద ఎగ్జిబిషన్, చూసొచ్చాడు. చూసొచ్చాడని మనం అనుకోవాలి గానీ, భార్య జానకీబాయి లెక్కలో మాత్రం మనిషి వాపసొచ్చాడు, మనసు అక్కడే ఉండిపోయింది. రంగులరాట్నం ఎక్కాడు. మౌత్ కా కువాలో, అంటే మృత్యుబావిలో, మోటారు సైకిలు గోడల మీద పరిగెత్తడం చూసి కళ్లు మూసుకున్నాడు. పిల్లల రైలు ఎక్కబోతే మీసాలు చూసి దింపేశారు. అన్నిటికంటే ఎక్కువగా అతన్ని పట్టుకున్నది జారుడు బురుజు. లోపల మెట్లెక్కి పైకి పోవాలి, బురుజు చుట్టూ పాములా చుట్టుకున్న జారుడుబల్ల మీద గిర్రున తిరుగుతూ కిందికి రావాలి. ధోతి చిరిగేదాకా జారాడు. చిరిగిన ధోతి మీద కండువా చుట్టుకుని మళ్లీ జారాడు.

ఇంటికొచ్చీ రాగానే, పెరట్లో ఎడ్లు అమ్మేశాక ఖాళీగా పడున్న కొట్టాన్ని కారఖానా చేసుకున్నాడు. పాత పెంకులు అరగదీసి, బొటనవేలంత ఇటుకలు చేసి నుమాయిష్ కట్టడం మొదలుపెట్టాడు. మొదటిది రంగులరాట్నం. ఇటుకల రాట్నం తిరగదు కదా. తిరిగిన ఆ ఒక్కసారీ పిల్లి మీద పడింది. రెండోది మౌత్ కా కువా. అందులో కోడిపెట్ట పడి, పైకి రాలేక పూటంతా అరిచింది.

"సూసినవా జానకీ! పేరుకు తగ్గట్టే పనిచేస్తున్నది," అన్నాడు శ్యాంరావు.

"కోడి సస్తే కూర వండుత గని, మీరు సంబురపడకుండ్రి," అంది జానకీబాయి.

ఇంతలో ఊళ్లో చాటింపు పడింది. దసరాకు బడి మైదానంలో నుమాయిష్ పెడతారట, కలెక్టరు దొర స్వయంగా వచ్చి చూస్తాడట. శ్యాంరావుకు ఆ రోజునుంచి అన్నం రుచి తెలియలేదు. జారుడు బురుజు కట్టాలి. కలెక్టరు దాని ముందు నిలబడి "ఎవరయ్యా ఈ మనిషి?" అని అడగాలి. బతుకులో ఇంక వేరే కోరిక లేదు.

కోరిక జానకీబాయికీ ఒకటుంది. జాలారుకు గోడ. జాలారంటే పెరట్లో తానాలకు, అంట్లకు వాడుకునే బండల జాగా. వాళ్ల జాలారుకు గోడ లేదు, ఒక తడక అడ్డం ఉంటుంది. పోయినేడు బతుకమ్మకు కరీంనగర్ నుంచి వచ్చిన జానకీబాయి వదిన అందులో తానం చేస్తుండగా గాలికి తడక కూలింది. ఆమె కేక మూడు వాడలకు వినిపించింది. "గోడ కట్టిందాక మీ గడప తొక్క," అని తడి తల తుడుచుకోకుండానే బండెక్కింది.

జానకీబాయి మొదట కొట్టం అడిగింది. "దానికి నాలుగు గోడలున్నయి, తలుపున్నది, కింద బండలున్నయి. ఎడ్ల ఉచ్చ పోయే కాలువ గుడ ఉన్నది. గదే తానాల అర్ర చేసుకుంటం," అని.

"నా కారఖానల నీళ్లు పోస్తవా? కట్టేటోని ముంగట గసుంటి మాటలా?" అని శ్యాంరావు ఇంతెత్తు ఎగిరాడు.

"అట్లయితే గోడ కట్టియ్యుండ్రి."

ఆ మాట కాదనలేక ఇటుకలు తెప్పించాడు. పెరట్లో దించారు. మేస్త్రీ రాజం పెత్రమాస, అంటే భాద్రపద అమావాస్య, దాటాక వస్తానన్నాడు. ఎర్రగా, నున్నగా, కొట్టం తలుపు ఎదురుగానే ఉన్నాయి ఇటుకలు. శ్యాంరావు వాటి వైపు చూశాడు. ఒక్కటి తీసుకుంటే ఏమవుతుంది అనుకున్నాడు. ఒక్కటే తీసుకున్నాడు. దానికి జత ఉండాలి కదా అని ఇంకోటి తీసుకున్నాడు.

వినాయకచవితి వెళ్లేసరికి ఇటుకల గుట్ట సగమైంది.

"ఏందండి, ఇటుకలు తక్కువైనయి?" అని అడిగింది జానకీబాయి.

"చెదలు," అన్నాడు శ్యాంరావు.

"ఏందీ?"

"చెదలు పట్టినయే. తిన్నయ్."

"చెదలు కర్రను తింటయి. ఇటుకలను తింటయా?"

"వేరే ఊళ్ల చెదలు తినయి. ఇవి నిర్మల్ చెదలు. తాతల కాలంనుంచి బొమ్మల కర్ర తిని తిని మొగం మొత్తింది వాటికి. ఇటుకల మీద పడ్డయి."

జానకీబాయి అతని చెవుల వైపు చూసింది. "మరి మీ చెవులల్ల ఆ ఎర్రపొడి ఏంది?"

"హోళీ ఆడిన."

"భాద్రపదంలనా?"

"పోయిన హోళీది. సరిగ పోలే."

ఆమె మారు మాట్లాడకుండా వంటింట్లోకి పోయింది. గెలిచాననుకున్నాడు శ్యాంరావు. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె మాట్లాడకుండా పోయిన ప్రతిసారీ అతను అలాగే అనుకున్నాడు, ప్రతిసారీ తర్వాత లెంపలేసుకున్నాడు. అయినా బుద్ధి రాలేదంటే ఆ మనిషి ధైర్యానికి దండం పెట్టాల్సిందే.

మిగిలిన సగం గుట్టను కూడా మింగి, బురుజు మాత్రం అద్భుతంగా లేచింది. గుండ్రటి పెద్ద చెక్కపీట మీద, అడుగున వెడల్పుగా, పైకి పోనుపోను సన్నగా, శ్యాంరావు ఛాతీ ఎత్తున. చుట్టూ నున్నటి జారుడు తోవ. సున్నంలో బెల్లం నీళ్లు, కరక్కాయ పొడి కలిపి పూశాడు. "కోటకు గుడ గింత గట్టి సున్నం పడలే," అని తన వీపు తానే తట్టుకోబోయాడు గానీ చెయ్యి అందలేదు. ఒక గోలీ పైన పెట్టి వదిలితే గిరగిర తిరుగుతూ కిందికొచ్చి కాళ్ల దగ్గర ఆగింది. శ్యాంరావుకు కళ్లలో నీళ్లు తిరిగాయి.

సరిగ్గా అప్పుడే కొట్టం తలుపు తెరుచుకుంది. వాకిట్లో జానకీబాయి, ఆమె వెనక పక్కింటి కొమురవ్వ. ఆ వాడలో ఆడపిల్లల చేత బొడ్డెమ్మ ఆడించే పెద్దది కొమురవ్వే. పుట్టమన్ను తెచ్చి, మెట్లు మెట్లుగా బొడ్డెమ్మను పెట్టి, పూలతో అలంకరించి పెత్రమాస దాకా రోజూ సాయంత్రం పిల్లలతో పాడిస్తుంది. ఆఖరి రోజు చెరువుకు సాగనంపుతారు.

"ఇదేంది?" అంది జానకీబాయి.

శ్యాంరావు నోరు తెరిచాడు. చెదలు అందామంటే ఎదురుగా ఇటుకలున్నాయి. హోళీ అందామంటే అది అయిపోయింది. అతని కళ్లు కొమురవ్వ చేతిలోని తంగేడు పూల మీద పడ్డాయి.

"బొడ్డెమ్మ!" అన్నాడు.

"ఏందీ?"

"బొడ్డెమ్మనే. పిల్లలు ఆడుకుంటరని కట్టిన. పుట్టమన్నుది వానకు కరుగుతది గదా, జర గట్టిగ ఉంటదని ఇటుకలతోని..."

కొమురవ్వ బురుజు చుట్టూ ఒక ప్రదక్షిణ చేసింది. కింద వెడల్పు, పైన సన్నం, చుట్టూ పూలు పెట్టేందుకు తోవ. చెంపలేసుకుంది. "ఎంత సక్కగ ఉన్నది నా తల్లి! నక్షదొరా, నిన్ను ఉత్తి పనిలేనోనివి అనుకున్న గదయ్యా ఇన్నొద్దులు!"

జానకీబాయి పసుపు కుంకుమ తెచ్చింది. ఆమె కూడా కళ్లకద్దుకుంది. "ఎంత మంచి పని చేసిన్రండి," అంది. ఆమె గొంతు మరీ మెత్తగా ఉండడం శ్యాంరావుకు కొంచెం అనుమానం కలిగించాల్సింది. కలిగించలేదు.

ఆ సాయంత్రం వాడలోని ఆడపిల్లలందరూ కొట్టంలోకి దిగారు. బురుజుకు ఎర్రమన్ను పూశారు. సూదితో గీసినట్టున్న ఇటుకల వరసలన్నీ మాయమయ్యాయి. జారుడు తోవ నిండా తంగేడు, బీరపూలు, మందారాలు కుక్కారు.

"జర మెల్లగ బిడ్డా, గది జారుడు... గది అమ్మవారి తోవ!" అని శ్యాంరావు చుట్టూ తిరిగాడు.

"దొరకు ఎంత భక్తో సూడుండ్రే," అంది కొమురవ్వ.

ఇక రోజూ అంతే. పాటలు, చప్పట్లు, చివర్లో సత్తుపిండి ఫలారం. బొడ్డెమ్మను కట్టిన దొర కాబట్టి ఫలారం పంచేది ఆయనే. బెల్లం కుండ అడుగంటింది. అయినా శ్యాంరావు ధైర్యం కోల్పోలేదు. పెత్రమాస కానీ, కడిగి పారేస్తే మళ్లీ బురుజే కదా అనుకున్నాడు. మెల్లగా కొమురవ్వ చెవిన వేశాడు.

"అవ్వా, ఇటుకల బొడ్డెమ్మను చెరువుల కలుపుడు ఎందుకు? ఇంట్లనే ఉంచుకుంటే?"

కొమురవ్వ గుండె మీద చెయ్యి వేసుకుంది. "ఎంత మాట! సాగనంపని బొడ్డెమ్మ ఇంట్ల ఉంటే, ఆడిన పిల్లలకు పెండ్లిండ్లు అయితయా? వాళ్ల అవ్వలు ఊకుంటరా? పిల్లలందరిని తెచ్చి నీ ఇంట్లనే దింపుతరు!"

శ్యాంరావు ఆడపిల్లల గుంపును ఒకసారి చూశాడు, బెల్లం కుండను ఒకసారి చూశాడు. "సాగనంపుదాం, సాగనంపుదాం," అన్నాడు.

అప్పుడే అతని బుర్రలో కొత్త నక్ష మెరిసింది. బొడ్డెమ్మను తనే ఎడ్లబండి మీద చెరువుకు తీసుకుపోతానంటాడు. పూలను చెరువులో కలుపుతాడు. బండిని అటునుంచి అటే బడి మైదానానికి తోలిస్తాడు. పిల్లలకు పెండ్లిండ్లు, తనకు కలెక్టరు. ఎవరి ముచ్చట వాళ్లది.

పెత్రమాస నాడు బండి తోలుకుని సాంబయ్య వచ్చాడు. ఇంకో నలుగురిని పిలిచారు. వాకిట్లో ఆడవాళ్లు పాట ఎత్తుకున్నారు. "లేపుండ్రి!" అన్నాడు శ్యాంరావు, సగం లేచిన మీసంతో. లేపారు. తలుపు దాకా తెచ్చారు. బొడ్డెమ్మ ఆగింది.

"దొరా, తలుపు సన్నగున్నది," అన్నాడు సాంబయ్య.

"అడ్డం తిప్పుండ్రి!"

"గుండ్రంగున్నదాన్ని అడ్డం తిప్పినా గంతే ఉంటది గద దొరా."

"పీట పీకుండ్రి!"

పీట రాలేదు. బెల్లం, కరక్కాయ, కోటకు కూడా పడని సున్నం కదా. పెళ్లాం కళ్లుగప్పి ఆరు నక్షలు గీసిన మనిషి తలుపు కొలవడం మరిచాడు. శ్యాంరావు తలుపు వైపు చూశాడు, బురుజు వైపు చూశాడు, మళ్లీ తలుపు వైపు చూశాడు. తలుపు పెరగలేదు.

"గోడ పడగొట్టుండ్రి!" అని అరిచాడు.

"ఆగుండ్రి," అంది జానకీబాయి. "కొమురవ్వా, తల్లికి బయటికి పోవుడు ఇష్టం లేనట్టున్నది. కదలని బొడ్డెమ్మ దగ్గరికి మనమే గంగను తెస్తే ఎట్ల?"

కొమురవ్వ కాస్త ఆలోచించి తలూపింది. పూలన్నీ తాంబాలంలోకి తీసి పిల్లల చేతికిచ్చి చెరువుకు పంపింది. ఆడవాళ్లు బిందెలతో బావి నీళ్లు తెచ్చి కొట్టం నడుమ బురుజు మీద గుమ్మరించారు. ఎర్రమన్ను కరిగింది. నీళ్లు బండల మీదుగా జారి, ఎడ్ల కాలువలో పడి, చుక్క నిలవకుండా బయటికి పోయాయి.

"అబ్బ, నీళ్లు ఎంత మంచిగ పోతున్నయి!" అంది జానకీబాయి, అప్పుడే చూసినట్టు.

"గంగ పారిన జాగ ఖాళీగ ఉంచొద్దు బిడ్డా. రేపటినుంచి ఆడోళ్లు ఈడనే తానాలు చెయ్యుండ్రి," అని తీర్పు చెప్పింది కొమురవ్వ. "మగోళ్లు అడుగు పెట్టొద్దు."

ఆ రాత్రి కాదు, మర్నాడు పొద్దున కూడా కాదు, అప్పటికప్పుడే శ్యాంరావు నక్షలు, రంపాలు, కోడి పడిన కువా అన్నీ వసారాలోకి వచ్చి పడ్డాయి. తలుపుకు లోపలివైపు కొత్త గడియ కూడా ఉంది. ఎప్పుడు పెట్టించిందో!

"నీకు ముందే తెలుసా?" అన్నాడు శ్యాంరావు, పీలగా.

"చెదల ముచ్చట చెప్పిన నాడే కొట్టం తలుపు తీసి చూసిన. పీటను, తలుపును నా జేనతోని కొలిచిన. ఇది బయటికి రాదని తెలిసింది. ఇంకెందుకు లొల్లి అని, మీ బురుజు ఎత్తుగ అయ్యేదాక ఊకున్న. మీరు జారుడు అన్నరు, నేను జాలారు అన్న. పెద్ద తేడా ఏమున్నదండి?"

బతుకమ్మకు వదిన వచ్చింది. గడియ వేసుకుని, పాటలు పాడుకుంటూ, ఎండ ఎక్కేదాకా తానం చేసింది. బురుజు శిఖరం మీద సబ్బు పెడితే గిర్రున తిరుగుతూ చేతికి అందుతుందట. ఈ సంగతి ఊరంతా పాకింది. కలెక్టరు వచ్చాడు, మైదానం చూశాడు, పోయాడు. నుమాయిష్ వాళ్లు బురుజు చూస్తామని ఇంటికొస్తే జానకీబాయి "ఆడోళ్లను పంపుండ్రి," అంది. తహసీల్దారు భార్య వచ్చి చూసి ముచ్చటపడి, "గిట్లాంటి సబ్బు బురుజు మా ఇంట్ల గుడ కట్టియ్యుండ్రమ్మా," అని జానకీబాయికి జాకెట్టు గుడ్డ పెట్టి పోయింది.

ఆ మాట తడక వెనక తానం చేస్తున్న శ్యాంరావు చెవిన పడింది. ఛాతీ పొంగింది. మెచ్చుకున్నది కలెక్టరు కాకపోతేనేం, తహసీల్దారు భార్య. తలనిండా కుంకుడు నురగతో, కళ్లు మూసుకుని, రెండో బురుజుకు మనసులోనే నక్ష మొదలుపెట్టాడు. ఈసారి తలుపు కొలుస్తాడు.

అప్పుడే గాలి వీచింది. తడక ఒకసారి అటు ఊగి, ఒకసారి ఇటు ఊగి, నెమ్మదిగా నేలకు ఒరిగింది. తహసీల్దారు భార్య ఇంకా పెరడు దాటలేదు.

"జానకీ!" అని బకెట్టు వెనక కూలబడి కేక పెట్టాడు శ్యాంరావు. "తొందరగ రావే! ఈ జాలారుకు గోడ కట్టియ్యాలె!"

వంటింట్లోంచి ఆమె గొంతు తాపీగా వినిపించింది.

"ఇటుకలేవండి? చెదలు తిన్నయి గదా!"