రిపోర్టుతో అంటుకునే జబ్బు

క్షయ అంటువ్యాధే. కాదని నేనన్నానా? అది దగ్గుతో అంటుకుంటుందని డాక్టర్లు అంటారు చూడండి, అక్కడే నాకూ వాళ్లకూ పేచీ. క్షయ అంటుకునేది దగ్గు వల్ల కాదు, రిపోర్టు వల్ల. పరీక్ష చేయించుకోనంత కాలం మనిషి ఎంత దగ్గినా పక్కవాడికి వెంట్రుకవాసి ప్రమాదం లేదు. నమ్మరా? రుజువు ఉంది నా దగ్గర.

ఆ రుజువు పేరు గొంతు మాస్టారు. కన్నవాళ్లు పెట్టిన పేరు కాదు లెండి, ప్రెస్సువాళ్లు పెట్టింది. పాఠ్యపుస్తకాలూ కరపత్రాలూ అచ్చువేసే ఒక ప్రెస్సులో ఆయన ప్రూఫులు చదువుతారు. చదవడమంటే మనసులో కాదు, పైకి. అసలు ప్రతి చేత్తో పట్టుకుని కామాలూ ఫుల్‌స్టాపులతో సహా గట్టిగా చదువుతూ పోతారు. ఎదురుగా కూర్చున్న అక్కయ్య ప్రూఫులో చూసుకుంటూ ఎర్రసిరాతో దిద్దుతుంది. ఇద్దరి మధ్యా మూరెడు బల్ల. పదకొండేళ్లుగా అదే జోడీ. అక్కయ్య నిజానికి ఎవరికీ అక్క కాదు, అందుకని అందరికీ అక్కయ్యే.

ఆ గదిలో మొత్తం ఏడుగురు. కిటికీలు రెండున్నాయి గానీ, ఏసీ చల్లదనం బయటికి పోతుందని సూపర్‌వైజరు వాటి అంచులకు టేపు వేయించాడు. ఎవరైనా తలుపు కాస్త తెరిచి పట్టుకుంటే చాలు, "ఏమయ్యా, వీధి వీధంతా మనమే చల్లబరచాలా?" అని ఒంటికాలి మీద లేచేవాడు. బయటి గాలి లోపలికి రాదు, లోపలిది బయటికి పోదు. ఒకరు వదిలింది ఇంకొకరు పీల్చుకుంటూ ఏడుగురూ ఒకే కుటుంబంలా ఉండేవాళ్లు.

అలాంటి గదిలో మాస్టారు మూడు నెలలు దగ్గారు. అల్లాటప్పా దగ్గు కాదు, బల్లమీది కాగితాలు లేచిపడేంత దగ్గు. ఎవరైనా కుర్చీ వెనక్కి జరిపారా? లేదే! ఒకరు తేనె తెచ్చారు, ఒకరు మిరియాలు తెచ్చారు. సూపర్‌వైజరు తన సొంత మఫ్లరు తీసి ఆయన మెడకు చుట్టాడు. ఆపైన, పాపం మాస్టారికి గాలి తగలకూడదని, కిటికీలకు టేపు మీద ఇంకో వరస టేపు వేయించాడు.

చొక్కా వదులైతే, "పొట్ట బాగా కరిగిందే, ఏం చేస్తున్నారేంటి? మాకూ చెప్పొచ్చుగా" అని కిటుకు అడిగారు. ఏ కిటుకూ లేదు. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడుతోందని మాత్రం ఆయనకు తెలుసు. పైకి అనలేదు. అంటే సెలవు పెట్టమంటారు, సెలవు పెడితే అక్కయ్య ఎదురుగా ఎవరు చదువుతారు?

అక్కయ్యకు ఆ దగ్గు బాగా అలవాటైపోయింది. ఆయన దగ్గినంతసేపూ పెన్ను ఎత్తి పట్టుకుని, అయ్యాక "ఊఁ, కానివ్వండి" అనేది.

అలా ఉండగా ఆరోగ్యశాఖ వారి కరపత్రం ఒకటి ప్రూఫుకు వచ్చింది. మాస్టారు ఎప్పటిలాగే గొంతు సవరించుకుని అందుకున్నారు.

"రెండు వారాలకు మించి దగ్గు, కామా." దగ్గారు. "సాయంత్రం పూట జ్వరం, కామా. బరువు తగ్గడం, కామా." మళ్లీ దగ్గారు, ఈసారి చాలాసేపు.

"బరువు తగ్గడం తర్వాత కామా ఉందా?" అంది అక్కయ్య.

"ఉంది."

"ప్రూఫులో లేదు. పెట్టేశాను. కానివ్వండి."

మాస్టారు కానివ్వలేదు. అదే వాక్యం లోలోపల మళ్లీ చదువుకున్నారు. ముప్ఫయ్యేళ్ల సర్వీసులో ఆయన ఒక వాక్యాన్ని తప్పుల కోసం కాకుండా అర్థం కోసం చదవడం అదే మొదటిసారి. గదిలో మిగతా ఆరుగురూ ఆ దగ్గూ విన్నారు, ఆ వాక్యమూ విన్నారు. రెండింటికీ ఏదో చుట్టరికం ఉందని ఒక్కరికీ తట్టలేదు. కరపత్రం మాత్రం ఒక్క అచ్చుతప్పు లేకుండా వచ్చింది.

మర్నాడు మాస్టారు వెళ్లి కఫం పరీక్షకు ఇచ్చారు. చేజేతులా చేసుకున్నది అంటే ఇదే.

ఇక చూడండి, అంటుకోవడం అంటే ఏమిటో! రిపోర్టు పదింటికి వస్తే పదిన్నరకల్లా ప్రెస్సంతా పాకిపోయింది. మూడు నెలల దగ్గుకు చెక్కుచెదరని గుండెలు ఒక్క కాగితానికి జారిపోయాయి. ఆయన గ్లాసు చెత్తబుట్టలో పడింది. ఆయన కుర్చీని ఫినాయిలుతో కడిగి ఎండలో పెట్టారు. మఫ్లరును సూపర్‌వైజరు కర్రతో ఎత్తి పట్టుకుని వెళ్లి తగలబెట్టాడు. కిటికీల జోలికి మాత్రం ఎవరూ పోలేదు. ఇంట్లో భార్య కంచం వేరు చేసింది, సబ్బు వేరు చేసింది. బావమరిది ఫోన్లో పరామర్శించి, పెట్టేశాక చేతులు కడుక్కున్నాడు.

డాక్టరమ్మ మాత్రం తన పాత పాటే పాడింది. "కంచాలతో, గ్లాసులతో రాదండీ ఇది. గాలితో వస్తుంది. మూసిన గదిలో మీరు దగ్గినా, గట్టిగా మాట్లాడినా క్రిములు గాల్లో ఉండిపోతాయి. ఆ గాలి గంటల తరబడి పీల్చినవాళ్లకి అంటొచ్చు. ఇంట్లోవాళ్లనీ, మీ గదిలోవాళ్లనీ ఒకసారి పరీక్షకి పంపండి. మీరు మాత్రలు ఒక్కరోజు కూడా మానకండి."

భార్య వెళ్లి చేయించుకుంది, ఏమీ లేదన్నారు. ప్రెస్సుకు ఆరోగ్య కార్యకర్త స్వయంగా వచ్చి అడిగింది. సూపర్‌వైజరు ఆమెను గుమ్మంలోనే ఆపేశాడు.

"మావాళ్లకి అలాంటి రోగాలేమీ లేవమ్మా. గ్లాసు కూడా పారేశాంగా."

సెలవులో రెండు నెలలు తిరిగేసరికి మాస్టారి దగ్గు పోయింది, ఒళ్లు కోలుకుంది. కఫంలో క్రిములు లేవని రెండో రిపోర్టు వచ్చింది. ఆయన వల్ల ఇక ఎవరికీ భయం లేదనీ, మిగిలిన నాలుగు నెలలూ మాత్రలు వాడుతూ పని చేసుకోవచ్చనీ డాక్టరమ్మ ఉత్తరం రాసిచ్చింది. సూపర్‌వైజరు ఆ ఉత్తరాన్ని బల్లమీద పెట్టించి, దూరం నుంచే చదివాడు.

"ఏదైనా రిపోర్టు రిపోర్టే కదా మాస్టారూ" అని, ఆయనకు పక్కనున్న కాగితం గోడౌన్లో బల్ల వేయించాడు.

గోడౌన్ అంటే ఏమనుకున్నారు? నాలుగు పెద్ద కిటికీలు, అటునుంచి ఇటు ఈల వేసుకుంటూ పోయే గాలి. రోగం అంటుకునే ప్రమాదం ఉన్నన్నాళ్లూ మనిషిని టేపు వేసిన గదిలో ఆరుగురి మధ్య కూర్చోబెట్టి, ప్రమాదం పోయాక ఒంటరిగా మంచి గాలిలో కూర్చోబెట్టారు. పరిపాలనా దక్షత అంటే ఇదీ.

మాస్టారి బాధ వేరు. ఎదురుగా మనిషి లేడు. మొదటిరోజు అలవాటు కొద్దీ రెండు పేరాలు పైకి చదివి, కాగితం కట్టలకు కామాలు చెబుతున్నానని గుర్తొచ్చి ఆగిపోయారు. ఆ పూట ఆయనకు నిజంగా ఏడుపొచ్చింది.

నెల గడిచాక ఒక మధ్యాహ్నం గోడ అవతల నుంచి దగ్గు వినిపించింది. మర్నాడూ వినిపించింది. పదహారో రోజుకు అది అక్కయ్యదేనని ఆయనకు అనుమానం లేకుండా పోయింది. మూరెడు బల్లకు అవతల మూడు నెలలు కూర్చున్న మనిషి. ఇది నేనిచ్చిందే అనుకున్నారు మాస్టారు.

భోజనాల వేళ ఆవిడను కుళాయి దగ్గర పట్టుకున్నారు. అక్కయ్య నాలుగడుగుల దూరంలో ఆగింది.

"ఎన్నాళ్లయింది అక్కయ్యా?"

"దుమ్ము మాస్టారూ. కొత్త కాగితం దిగింది కదా."

"సాయంత్రం జ్వరం వస్తోందా?"

అక్కయ్య కుళాయి కట్టేసింది.

"ఒక్క పరీక్ష. నేను తోడొస్తాను. ఉంటే మాత్రలున్నాయి, తగ్గిపోతుంది. ఇంట్లో పసిపిల్ల ఉంది, మీ మనవరాలు. పసివాళ్లకి తొందరగా అంటుతుందట. మీ కాళ్లు పట్టుకుంటాను. నన్ను చూడండి, నాకు తగ్గలేదూ?"

"మిమ్మల్నే చూస్తున్నా మాస్టారూ" అంది అక్కయ్య. "మూడు నెలల నుంచీ మిమ్మల్నే చూస్తున్నా."

అని, చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకుని, గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది.

చూశారా, నా సిద్ధాంతానికి ఎంత గట్టి శిష్యురాలు దొరికిందో? ఎవరో చెబితే నమ్మలేదు ఆవిడ, కళ్లారా చూసి నమ్మింది. ఇక ఏ డాక్టరు చెప్పినా వినదు. సాయంత్రం ఇంటికి వెళ్లి, ఏడాది నిండని మనవరాలిని రోజూలాగే గుండెలమీద వేసుకుని జోకొడుతుంది.