గోరింక గెలిపించిన మదింపు

ఒక పెద్ద అడవిలో, వాగు దాటగానే వచ్చే మైదానంలో, ‘పాతది ఇవ్వండి, కొత్తది ఎక్కండి’ అనే వాహనాల షోరూం వెలిసింది. అక్కడ వాహనాలంటే వీపున్న జంతువులే. ఎక్కేవాళ్ళు పిట్టలూ, కోతులూ.

ఆ అడవిలో ఒక కుర్ర గోరింక ఉండేది. తల్లి పెట్టిన పేరు పండు. ఒక వేసవంతా పట్నంలో కాలేజీ కిటికీ మీద కూర్చుని ఉపన్యాసాలు విని వచ్చాక, ప్రభంజనం అని తనే మార్చుకుంది. విన్నది విన్నట్టు పలకడం గోరింకలకి పుట్టుకతో వచ్చిన విద్య. అందుకని దానికి నినాదాల కొదవ లేదు.

ప్రభంజనం తిరిగేది అంకమ్మ అనే ముసలి గేదె వీపు మీద. రెక్కలున్నా ఎగిరేది కాదు. నాయకుడన్నాక జనం మధ్యలోంచి వెళ్ళాలి కదా! అంకమ్మ గడ్డిలో అడుగేస్తే మిడతలు లేచేవి. గోరింక ఒకటి పట్టి మింగి, “పరుల శ్రమ మీద బతికేవాళ్ళు నశించాలి!” అని అరిచి, ఇంకోదాని కోసం చూసేది.

“నశిస్తార్లే. ఎడమ చెవి వెనక పిడుదు కుడుతోంది, కాస్త చూడరా పండూ” అనేది అంకమ్మ.

“పండు కాదత్తా, ప్రభంజనం.”

“సరే ప్రభంజనం, ఎడమ చెవి.”

షోరూంలో ఒక పద్ధతి ఉండేది. పాత వాహనాన్ని ముళ్ళపొద వెనక్కి తోలుకెళ్ళేవారు. అక్కడ వడ్రంగిపిట్ట ముక్కుతో టకటకా కొట్టి చూసి, తల అడ్డంగా ఊపుతూ వచ్చేది. విలువ సగానికి పడిపోయేది. పొద వెనక ఏం జరిగిందో ఎవరికీ తెలిసేది కాదు.

ఈ సంగతి విని గోరింక రక్తం మరిగింది. అంకమ్మనెక్కి తిన్నగా షోరూం ముందుకొచ్చింది. “చాటుమాటు మదింపులు నశించాలి! మదింపు ప్రజల మధ్యే జరగాలి!”

సేల్స్ చూసే ఊసరవెల్లి బయటికొచ్చింది. ఆకుపచ్చగా ఉన్నదల్లా ఆ మాట వింటూనే ఎర్రబడింది.

“ఎంత మంచి మాట, కామ్రేడ్! అడిగేవాళ్ళు లేకనే ఇన్నాళ్ళూ ఆగాం. ఇప్పుడే మొదలుపెడదాం. మరి, ముందు ఎవరి వాహనం?”

అందరూ గోరింక వైపు చూశారు. నిజానికి దానికి అమ్మే ఉద్దేశం లేదు. కానీ ముందు వరసలో నిలబడ్డవాడు వెనక్కి తగ్గితే చరిత్ర క్షమించదని కిటికీ మీద విని ఉంది.

“మాదే” అంది.

“ఏరా, నన్ను అమ్మేస్తావా?” అంది అంకమ్మ.

“అమ్మడం కాదత్తా, త్యాగం.”

“ఎవరిది?”

గోరింక అప్పటికే జనం వైపు తిరిగి రెక్క ఊపుతోంది.

ఊసరవెల్లి జనాన్ని పోగేసింది. “మీరే చెప్పండి, ఈ గేదెలో లోపాలేమిటి?”

జనం ఇలాంటి రోజు కోసమే ఎదురుచూస్తున్నట్టున్నారు. “బురదగుంటలో దిగిందంటే మాకు చోటుండదు” అంది అడవిపంది. “ఇది తుమ్మితే మా బొరియ కూలుతుంది” అంది కుందేలు. తన కంచరగాడిదని మార్చుకుందామని వచ్చిన కోతి, పక్కవాడి సరుకు తగ్గితే తనది పెరుగుతుందనుకుని, “పళ్ళు చూడండి, పళ్ళు!” అని గెంతింది.

“యజమాని కూడా నిజం చెప్పాలి కదా, కామ్రేడ్?” అంది ఊసరవెల్లి మెత్తగా.

నిజం అన్నాక గోరింక ఆగలేదు. “కుడికొమ్ము వంకర! నీళ్ళు కనిపిస్తే కదలదు! ఒళ్ళంతా పిడుదులు!” అని గొంతెత్తి చెప్పింది. చప్పట్లు మోగాయి.

“ఆ పిడుదులేరా నీ పొద్దుటి టిఫిను” అంది అంకమ్మ. చప్పట్లలో ఎవరికీ వినబడలేదు.

వడ్రంగిపిట్టకి ముక్కు కదిపే పనే లేకపోయింది. గేదెకి కట్టిన విలువ, బదులుగా ఇచ్చిన కొత్త వాహనం మనుబోతు మెడలో వేసిన పూలదండకి సరిపోయింది. మిగతాదానికి నెలనెలా బుట్టెడు మిడతలు కిస్తీ. గోరింక ఒప్పుకోక ఏం చేస్తుంది? డిమాండ్ నెగ్గింది మరి!

మనుబోతు కదిలితే గాలే. నినాదం సగంలో ఉండగానే జనం వెనకబడిపోయేవారు. గడ్డిలో మిడతలు లేచేసరికి అది ఎక్కడో గట్టు అవతల ఉండేది. తినడానికే లేనివి కట్టడానికి ఎక్కణ్ణుంచి వస్తాయి? మొదటి కిస్తీ తప్పగానే షోరూంవాళ్ళు వచ్చి మనుబోతుని తోలుకుపోయారు. పూలదండ మాత్రం వదిలేశారు, వాడిపోయిందని.

గోరింక ఆకలితో తూలుతూ షోరూంకి వెళ్ళింది. గుమ్మంలోనే అంకమ్మ! ఒళ్ళు కడిగి, కొమ్ములకి నూనె రాసి, మెడలో పలక కట్టారు: ‘కదిలే వంటిల్లు. ఎక్కినవారికి రోజంతా తాజా మిడతలు.’ ఎదురుగా తెల్లకొంగ బేరమాడుతోంది. దాని పక్కన ఊసరవెల్లి పాలలా తెల్లగా ఉంది.

“మోసం!” అని అరిచింది గోరింక. “దాని కొమ్ము వంకర! నీళ్ళు కనిపిస్తే కదలదు!”

“నీళ్ళ దగ్గర ఆగుతుందా?” అంది కొంగ. “నాకు కావలసిందే అది. కట్టేయండి బేరం.”

“ఆగండి! మదింపు ప్రజల మధ్యే జరగాలి!”

“అది మేం కొనేటప్పుడు, కామ్రేడ్” అంది ఊసరవెల్లి. “అమ్మేటప్పటి సంగతి మీరు అడగలేదే!”

కొంగ వీపెక్కింది. అంకమ్మ కదిలింది, మిడతలు లేచాయి. గోరింక ఇక ఉండబట్టలేక వెనకాలే నేల మీద గెంతుతూ, కొంగ వదిలేసినవి ఏరుకుంది.

అంకమ్మ ఒకసారి వెనక్కి చూసి, అడుగు నెమ్మది చేసింది. “ఎడమవైపు ఒకటి కూర్చుంది, చూడు పండూ.”

ఈసారి గోరింక పేరు దిద్దలేదు. నోట్లో మిడత ఉంది.

నీతి లేనిదే నిద్ర పట్టనివారికి: దోపిడీని పొద చాటున జరగనివ్వకండి, బయటికి లాగితే నలుగురూ తలో చెయ్యి వేస్తారు.