డైరెక్టరుగారి కంటే పెద్ద అక్షరాలు

జనం వరుసల్లో నిలబడటానికి కారణం ఉద్యోగులకు కోడింగ్ రాకపోవడమేనని ధ్రువపత్రాల శాఖ సుదీర్ఘ పరిశీలన తర్వాత కనిపెట్టింది. అంతకుముందు ఇదే శాఖ, కారణం కుర్చీలని కనిపెట్టి వాటిని తీయించింది. (దాంతో వరుస తగ్గలేదు గానీ, చూడటానికి వరుసలా కనిపించసాగింది.) ఈసారి శాఖలోని ముప్ఫై ఇద్దరూ, డైరెక్టరుగారి నుంచి గేటు దగ్గరి కాపలాదారు దాకా, వెబ్ పేజీ రాయడం నేర్చుకుని తీరాలని, నేర్చుకున్నాక అందరూ కలిసి శాఖకు ఒక పేజీ తయారుచేయాలని ఉత్తర్వు వెలువడింది.

ఆ ఉత్తర్వు చదివి నిజంగా సంతోషించింది ఒక్కరే. మూడో కిటికీలో మరణ ధ్రువపత్రాలు చూసే గుమస్తా ఆమె. ఆఫీసులో చిన్నాపెద్దా అందరూ ఆమెను అక్కా అనే పిలుస్తారు. పదకొండేళ్లుగా ఆమె రోజుకు నలభైసార్లు ఒకటే మాట చెబుతోంది: "ఇంకో కాగితం తేవాలండీ." నిజానికి కావలసినవి నాలుగే కాగితాలు. ఆ నాలుగూ ఏవో బయట ఎక్కడా రాసి లేదు. (గోడకు అంటించాలంటే గోడల విభాగం అనుమతి కావాలి. గోడల విభాగానికి ఇంకా గది కేటాయించలేదు.) భార్యను పోగొట్టుకున్న ఒక పెద్దాయన ఆ వారమే నాలుగోసారి వచ్చి, నాలుగోసారీ వట్టి చేతులతో వెళ్లిపోతూ, "నీ తప్పేముందిలే అమ్మా" అన్నాడు. తిట్టినా ఆమెకు అంత గట్టిగా తగిలేది కాదు.

శిక్షణ మేడమీది హాల్లో మొదలైంది. దుమ్ము పడుతుందని కంప్యూటర్లను గదిలో పెట్టి తాళం వేశారు గనక, కోడింగును నల్లబల్ల మీద నేర్పారు. నేర్పినాయన స్వయంగా మూడు రోజుల శిక్షణ పొందినవాడు. (అందులో ఒకరోజు సెలవు.) కోణపు గుర్తుల మధ్య రాసే మాటను ట్యాగ్ అంటారని, తెరిచిన ప్రతి ట్యాగునూ మూసి తీరాలని ఆయన చెప్పగానే హాల్లో అందరి పెన్నులూ ఆగిపోయాయి. మొదలుపెట్టినదాన్ని ముగించాలన్న మాట ఆ భవనంలో వినబడటం అదే మొదటిసారి. రెండో కిటికీ గుమస్తా లేచి, ఈ నియమం పాత ఫైళ్లకు కూడా వర్తిస్తుందా అని అడిగాడు. వర్తించదని తెలిశాక అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ సాయంత్రం అక్క, తన ఆడపడుచు వదిలేసిన పాత ల్యాప్‌టాప్‌ను వంటింటి బల్లమీద పెట్టుకుంది. గంటసేపు తెల్లటి తెర తప్ప ఏమీ రాలేదు. ఎక్కడో ఒక గుర్తు తిరగబడింది. దాన్ని సరిచేయగానే, తను రాసిన వాక్యం తెరమీదికి వచ్చి నిలబడింది. పొయ్యిమీద పాలు పొంగిపోతున్నా ఆమె కదల్లేదు. మూడోరోజుకల్లా నాలుగు కాగితాల జాబితా తయారైంది. అత్తగారిని పిలిచి చూపించింది.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని మొత్తం చదివింది. "ఇంతేనా?"

"ఇంతే అత్తయ్యా."

"మరి పదకొండేళ్ల నుంచీ ఎందుకు చెప్పలేదే?"

"వచ్చినవాళ్లకి చెబుతూనే ఉన్నాను కదా."

"రోజుకొకటి చొప్పునా?" అంది అత్తగారు. అక్క ల్యాప్‌టాప్ మూసేసింది.

మర్నాడు శిక్షకుడు అక్షరాలను పెద్దవి చేసే ట్యాగును బల్లమీద రాశాడు. తెరిచాడు, మధ్యలో పేరు రాశాడు, మూశాడు. అక్క చెయ్యెత్తింది.

"మూసేచోట స్లాష్ పెట్టాలండీ. ఇంట్లో చేసి చూశాను. ఆ ఏటవాలు గీత లేకపోతే అది మూసినట్టు కాదు, ఇంకోసారి తెరిచినట్టు."

"నోట్సులో లేదమ్మా."

"అచ్చుతప్పేమో."

"పైనుంచి వచ్చిన నోట్సులో తప్పులుండవు. సవరణలుంటాయి. వచ్చినప్పుడు చూద్దాం."

పరీక్ష కాగితంమీద, సిరాతో, ఎడమవైపు రెండంగుళాలు వదిలి జరిగింది. నోట్సులో లేని గీత గీసినందుకు అక్కకు సున్నా వచ్చింది. మిగిలిన ముప్ఫై ఒక్కరూ ఉత్తీర్ణులయ్యారు. (డైరెక్టరుగారు పరీక్షకు హాజరు కాకుండానే.) రెండో కిటికీ గుమస్తా ఫస్టుక్లాసులో నెగ్గాడు.

ఉత్తీర్ణులంతా కంప్యూటర్ల గది తాళం తీయించి, కలిసి పేజీ తయారుచేశారు. హోదాల వరుసలో ఒకరి కింద ఒకరు తమ పేర్లను నోట్సు ప్రకారం పెద్దక్షరాల్లో చేర్చారు. స్లాష్ లేదు గనక ఎవరి ట్యాగూ మూసుకోలేదు. పెద్దక్షరాలు కిందికి పోయినకొద్దీ ఇంకా పెద్దవయ్యాయి. అన్నిటికంటే పైనున్న డైరెక్టరుగారి పేరు అన్నిటికంటే చిన్నదిగా వచ్చింది. అడుగునున్న కాపలాదారు పేరులో మొదటి అక్షరమే తెరనంతా ఆక్రమించింది. అతను పూటసెలవు పెట్టి భార్యను తీసుకొచ్చి మరీ చూపించాడు.

డైరెక్టరుగారు రెండురోజులు ఆ పేజీ వంకే చూడలేదు. మూడోరోజు విచారణ సంఘం వేశారు. సంఘం లోతుగా ఆలోచించి వరుసను తలకిందులు చేసింది: కాపలాదారు పైన, డైరెక్టరుగారు అడుగున. స్లాష్ సంగతి ఎవరూ ఎత్తలేదు. అది పెట్టిన మనిషి ఫెయిలైంది కదా.

అక్క జాబితా పట్టుకుని డైరెక్టరుగారి గదికి వెళ్లింది.

"ఈ నాలుగు లైన్లు పేజీలో పెడితే జనానికి తిరుగుడు తప్పుతుందండీ."

ఆయన చదివి తలూపాడు. "బాగుంది. ఎక్కడ పెడతావు?"

"అడుగున పెట్టొచ్చండీ."

"నా తర్వాతా? అప్పుడది నాకంటే పెద్దదైపోదూ?"

"పోనీ, పైన."

"నాకంటే ముందా?"

అక్క గాల్లో వేలితో ఏటవాలు గీత గీసి చూపించింది. "ఒక్కొక్క పేరు పక్కనా చిన్న గీత పెడితే చాలండీ. అందరూ మామూలు సైజుకి వచ్చేస్తారు."

"అందరూ అంటే?" అన్నాడు డైరెక్టరుగారు. "నేను కూడానా?"

"అవునండీ."

ఆయన ఆమెవైపు జాలిగా చూసి, జాబితా మడిచి చేతికిచ్చాడు.

అక్క తన జాబితాను ఇంటర్నెట్లో సొంత పేజీగా పెట్టుకుంది. దాని చిరునామాను చీటీమీద రాసి తన కిటికీ అద్దానికి లోపలివైపు అంటించింది. (అద్దం గోడ కిందికి రాదు.) చూసినవాళ్లు ఫోనుల్లో ఒకరికొకరు పంపుకున్నారు. వారం తిరక్కుండా జనం నాలుగు కాగితాలూ చేతపట్టుకుని రావడం మొదలైంది. పెద్దాయన ఐదోసారి వచ్చాడు. పది నిమిషాల్లో పనైపోయేసరికి నమ్మలేక, పత్రం తిప్పి వెనకవైపు కూడా చూసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా మూడో కిటికీ ముందు ఎవరూ ఉండటం లేదు. అక్కకు ఆ పదకొండేళ్లలో మొదటిసారి సాయంత్రానికి గొంతు నొప్పి పుట్టలేదు.

నెలాఖరున తనిఖీ జరిగింది. శాఖలో ఒక కిటికీ పనితనాన్ని అది తిప్పిపంపిన మనుషుల సంఖ్యతో కొలుస్తారు. మూడో కిటికీ లెక్క సున్నా. పనిలేని కిటికీని ఉంచడం దుబారా అని తేల్చి దాన్ని మూసేశారు. మరణ ధ్రువపత్రాలను రెండో కిటికీకి బదలాయించారు. హాల్లో వరుస వంకర పోకుండా చూసే బాధ్యత అక్కకు అప్పగించారు.

మొదటిరోజు వరుసలో అందరికంటే ముందు ఒకావిడ నిలబడింది. తండ్రి పోయి పన్నెండు రోజులైందని చెప్పి, నాలుగు కాగితాలూ లోపలికి అందించింది. రెండో కిటికీ గుమస్తా ఒక్కొక్కటే తిరగేసి, చక్కగా దొంతి పెట్టి, వెనక్కి తోశాడు.

"ఐదో కాగితం ఏదమ్మా?"

"నాలుగే అని చదివానండీ."

"అది అనధికార పేజీ. ఈ నాలుగూ సరిపోతాయని రాసిచ్చే కాగితం ఒకటి ఉండాలి కదా."

ఆవిడ వెనక్కి తిరిగి అక్కవైపు చూసింది. అక్క నోరు తెరవబోయింది గానీ, వరుసలో ఉన్నవాళ్లతో మాట్లాడటం ఆమె కొత్త విధుల్లో లేదు.

"అదెవరిస్తారండీ?" అని అడిగింది ఆవిడ.

"మూడో కిటికీలో ఇస్తారమ్మా," అన్నాడు రెండో కిటికీ గుమస్తా, ఎంతో మర్యాదగా.