యజమాని: ఎవరూ లేరు

పొద్దున్నే ఇడ్లీ తిని, లాప్‌టాప్ తీసుకుని, ఎండెక్కకముందే కొల్లేటికోట చేరాలన్నది నెల్సన్ ఆనాటి ఆలోచన. చేపల చెరువుల్లో మేత, నీరు ఎలా ఉన్నాయో ఫోనులో చూపే యాప్ అతను రాశాడు. దాన్ని అక్కడి పెద్ద చెరువుల రైతు తాతాజీ గారు మెచ్చుకుంటేనే చుట్టుపక్కల రైతులంతా తీసుకుంటారు.

"ఆయన కాదన్నారంటే ఏలూరు ఆఫీసుకి తాళవేఁ నెల్సన్," అని మేనేజరు ప్రసన్నలక్ష్మి ముందే చెప్పింది.

నెల్సన్‌కు చేసిన పనే మళ్లీ చేయడమంటే బద్ధకం. తెర మీద ప్రతి వివరం పక్కనా పేరు వేరే టైపు చేయడం దేనికని, కోడులో ఒక్కో ప్రాపర్టీకి, అంటే వివరాన్ని దాచే గడికి, తాను పెట్టుకున్న పేరునే తీసి అక్షరాలుగా చూపించేలా ఒక్క లైను రాశాడు. వివరాలు దాచిందీ ఆ పేర్ల కిందే. తాతాజీ గారు ఊపిరాడకుండా ఫోన్లు చేసిన రోజుల్లో ఆ పేర్లు పెట్టుకున్నానన్న సంగతి మాత్రం మరిచిపోయాడు.

తాతాజీ గారింటి వసారాలో ఆయన భార్య వీరరాఘవమ్మ గారు మజ్జిగ ఇచ్చారు. అల్లం, కరివేపాకు వేసిన చల్లటి మజ్జిగ. ఆ పూట అతనికి దక్కిన సుఖం అదే.

తెర వెలిగింది. 'మేత: బాగుంది. నీరు: బాగుంది. నసమనిషి: తాతాజీ.'

"ఇదేంటి బాబూ?" అన్నారు తాతాజీ గారు కళ్లజోడు సర్దుకుంటూ.

"అది కంప్యూటరు భాషండీ. యజమాని అని."

"మాకూ తెలుగొచ్చండీ!"

నెల్సన్ చెమటలు తుడుచుకుంటూ కోడులో పేరు 'యజమాని' అని మార్చాడు. పాత పేరు కింద దాచింది కొత్త పేరుకు దొరకలేదు. తెర ఈసారి మర్యాదగానే చెప్పింది: 'యజమాని: ఎవరూ లేరు.'

తాతాజీ గారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఓర్నాయనో! ఇందాకటిదాకా చెరువులు నావే కదయ్యా! పక్కోళ్లు చూశారంటే వల తెచ్చేస్తారు. నా చెరువులు నాకిచ్చెయ్ బాబూ!"

"ఇస్తానండీ. కాకపోతే ఇప్పటికిప్పుడంటే... ఆ పాత పేరుతోనే వస్తాయండీ."

"అంటే చెరువులు కావాలంటే నస ఒప్పుకోవాలా?"

వీరరాఘవమ్మ గారు పమిట నోటికి అడ్డం పెట్టుకున్నారు. "ఒప్పుకోండి ఏవండీ. కాపురానికొచ్చిన కాణ్ణుంచీ నేను చెప్తే విన్నారా? అది మిమ్మల్ని ఇవాళే చూసింది, ఇట్టే కనిపెట్టేసింది. బాబూ, ఇంత తెలివైంది మాకు కావాలండీ. ఊళ్లో అందరి చేతా కొనిపించే పూచీ నాది."

తాతాజీ గారు నీరసంగా కూర్చున్నారు. "కానియ్యండి. చెరువులు నావని ఉంటే చాలు."

ఆఫీసు నిలబడింది. నెల్సన్ ఆ వారమంతా కూర్చుని, వివరాలేవీ చెదరకుండా ఆ పేరును 'యజమాని'గా దిద్దాడు.

మర్నాడే యాప్ పాడైపోయిందని వీరరాఘవమ్మ గారు ఫోను చేశారు.