మెమరీ మింగే సూర్యుడు

మెమరీ లీక్‌ను తిట్టేవాళ్ళను చూస్తే నాకు జాలి! మనిషికి ఇంత మేలు చేసే కంప్యూటర్ జబ్బు మరొకటి ఉందా?

మాది సూర్యదేవుడి గుడి ఉన్న అరసవల్లి. రిటైరైన లెక్కల మాస్టారిని. తీరిక దొరికింది కదా అని నా లైనక్స్ డెస్క్‌టాప్‌ను పెళ్ళిపందిరిలా అలంకరించాను. వాతావరణం చెప్పడానికి ఎక్స్‌టెన్షన్ అనే చిన్న ప్రోగ్రాం ఒకటి, తెర మీద మంచు కురవడానికి ఒకటి. అరసవల్లిలో మంచెందుకంటారా? ఉచితంగా వస్తే వద్దంటామా? అన్నిటికంటే గొప్పది, సూర్యుడు ఎంత ఎత్తుకు వచ్చాడో పైన మూలలో బొమ్మ గీసి చూపించేది!

"ఏటండీ ఇది? కిటికీ తీస్తే కనబడతన్నాడు కదా, మళ్ళీ ఈ డబ్బాలో ఎందుకు?" అంది మా ఆవిడ విశాలి. సంగీతం టీచరు. టెక్నాలజీ తెలీదు, పాపం!

ఇంతలో విజయనగరంలో ఒక సంగీత సభవారు ఆవిడ పాట రికార్డు చేసి పంపమన్నారు. నచ్చితే కచేరీ. పిల్లలకు సరళీస్వరాలు చెబుతూనే జుట్టు నెరిసిన మనిషికి మొదటి కచేరీ! సాయంత్రం ఆరింటికి గడువు.

పొద్దున్నే నా కంప్యూటర్లోనే రికార్డింగు మొదలుపెట్టింది. చరణంలోకి వచ్చేసరికి కంప్యూటర్ బిగుసుకుపోయింది. రీస్టార్ట్. మళ్ళీ పల్లవి, మళ్ళీ బిగింపు. ఇంత సాధన ఏ గురువు చేయిస్తాడండీ? పక్క లాడ్జిలో దిగిన యాత్రికులకు కూడా పల్లవి నోటికొచ్చేసింది. చరణమే ఎవరికీ తెలీదు!

"ఆ సోకులన్నీ ఒక్కసారే తీసీండి, పాడేస్తాను," అంది విశాలి.

అన్నీ ఒక్కసారే తీసేస్తే దోషి ఎవరో తేలేదెలా? ఒక్కొక్కటే ఆపి, ప్రతిసారీ ఆవిడ చేత పాడించాను. వాతావరణం నిర్దోషి. మంచు నిర్దోషి. చివరికి దొరికాడు సూర్యుడు! క్షణానికో కొత్త సూర్యుణ్ణి గీస్తున్నాడు, పాతవాణ్ణి పారెయ్యడం లేదు. చరణం వచ్చేసరికి మెమరీ నిండా సూర్యులే. మెమరీ లీక్ అంటే ఇదే! ఆ ఎక్స్‌టెన్షన్ తయారుచేసినవాడికి ఫిర్యాదు పంపితే, "నా కంప్యూటర్లో బాగానే ఉందే!" అని జవాబిచ్చాడు.

సూర్యుణ్ణి ఆపేశాను. మెమరీ ఖాళీ! ఇంకా గంట టైముంది. "ఇంక పాడు విశాలీ!" అన్నాను గర్వంగా.

ఆవిడ నోరు తెరిచింది. గాలి వచ్చింది గానీ గొంతు రాలేదు. మాట్లాడలేక కిటికీ వైపు వేలు చూపించింది. అక్కడ సూర్యుడు దిగిపోతున్నాడు. నాకు తలెత్తుకోలేనంత సిగ్గేసింది.

కంప్యూటర్‌కైతే రీస్టార్ట్ ఉంది. మా ఆవిడ గొంతుకు ఏం నొక్కాలో చెప్పమని ఆ తయారుచేసినవాడికే మళ్ళీ రాశాను.

వాళ్ళావిడ గొంతు బాగానే ఉందట!